నల్లబంతి అడిగిన ఇరవై నిమిషాలు

నేను ఒక రాగిబంతిని. పెద్ద దబ్బకాయంత ఉంటాను. లోపలంతా డొల్ల. డొల్లతనాన్ని మనుషులు ఒక నిందగా వాడతారు గాని, నా విషయంలో అది నింద కాదు. ఆ ఖాళీ కోసమే నన్ను చేశారు. ఇప్పుడు నా ఒంటి మీద కనిపిస్తున్న నలుపు నాతో పుట్టింది కాదు. పుట్టినప్పుడు నేను పొద్దుటి సూర్యుడి రంగులో ఉండేదాన్ని. సూర్యుడితో నా సంబంధం ఆ రంగుతోనే ఆగిపోయి ఉంటే ఈ కథ చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

నన్ను చేసినవాడు వీరాచారి అనే కంచరి. రాగిరేకును గుండ్రంగా కత్తిరించి, కొయ్య అచ్చు మీద రెండు గిన్నెలుగా సాగగొట్టి, మూతికి మూతి కలిపి అతికాడు. అతుకు చల్లారాక నన్ను తొట్టి నీళ్ళలో అదిమిపట్టి, బుడగ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాడు. రాలేదు. చెయ్యి తీశాడు. నేను ఒక్క గంతున పైకి లేచి నీటిమీద నిలిచాను.

"తేలిందే, బంగారుతల్లి!" అన్నాడు వీరాచారి.

అంతవరకు నాకు నిప్పు తెలుసు, సుత్తి తెలుసు. చల్లదనం అనేది ఒకటుందని ఆ క్షణానే తెలిసింది. తెలిసిన మరుక్షణం నుంచి, నా లోకం అదేననుకున్నాను.

అనుకున్నట్టే కొంతకాలం గడిచింది. కృష్ణ ఒడ్డున ఒక ఊరుంది. పేరు చెప్పనక్కరలేదు, ఎండ విషయం ఎత్తగానే మీ నోటికి మొదట వచ్చే ఊరే అనుకోండి. ఆ ఊళ్ళో ఒక కాలేజీ హాస్టలు, దాని మేడ మీద ఒక సిమెంటు నీళ్ళట్యాంకు. ఆ ట్యాంకులో నన్ను ఒక ఇత్తడి కడ్డీ చివర బిగించారు. నీరు పెరిగితే నేను పైకి లేచి కుళాయి మూస్తాను. తగ్గితే దిగి తెరుస్తాను. ఇరవై ఒక్క ఏళ్ళు అదే ఉద్యోగం. చీకటి, చల్లదనం, మూత సందులోంచి పడే ఒక్క వెలుగుగీత. అంతకంటే నేనేమీ కోరలేదు.

మాఘమాసంలో నేను రోజంతా పైనే తేలుతూ ఉండేదాన్ని. రోహిణి కార్తె వచ్చేసరికి పొద్దున్న ఎనిమిదింటికే అడుగంటేదాన్ని. పిల్లలు పూటకు రెండుసార్లు స్నానం చేస్తున్నారన్నమాట. మనుషుల తాపానికి నేను కొలబద్దనవడం నిజానికి అక్కడే మొదలైంది. కాకపోతే ఆ సంగతి వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

తరవాత ప్లాస్టిక్ బంతులు వచ్చాయి. నన్ను విప్పి, గోనెసంచిలో వేసి, మెట్ల కింది గదిలో పడేశారు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నాను. నీళ్ళు లేని చీకటి ఎంత వేరుగా ఉంటుందో ఆ గదిలో తెలుసుకున్నాను.

నన్ను ఆ సంచిలోంచి తీసినవారు పరబ్రహ్మం మాస్టారు. అదే కాలేజీలో ముప్ఫై మూడేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. దేవుడు, దెయ్యం, జాతకం, వాస్తు, వీటిలో దేన్నీ నమ్మరు. "పేరు మా నాన్నగారు నన్నడగకుండా పెట్టింది. నా అభిప్రాయాలు నేనాయన్ని అడగకుండా పెట్టుకున్నాను. చెల్లుకు చెల్లు," అనేవారు. ఆయన నన్ను రెండు చేతుల్లో పట్టుకుని, చెవి దగ్గర ఊపి, లోపల చుక్క నీరు కూడా లేదని తెలుసుకుని సంతోషించారు. నాకు మాత్రం ఆ సంతోషం అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆయన నాకు మూడు పనులు చేశారు. మొదట, కడ్డీ బిగించే చోట బొటనవేలు దూరేంత రంధ్రం పెట్టారు. తరవాత ఒంటినిండా మెరుపు లేని నల్లరంగు పూశారు. చివరికి ఆ రంధ్రంలోంచి ఒక గాజు ఉష్ణమాపకాన్ని, దాని కొస సరిగ్గా నా నడిబొడ్డున ఉండేట్టు దించి, రబ్బరు బిరడాతో నిలిపారు. రంధ్రం పడగానే నాకొకటి అర్థమైంది. ఇక నేను తేలలేను. ఎప్పుడైనా ఎవరైనా నన్ను నీటిలో వదిలితే, బిరడా చుట్టూ నీరు దూరి, నేను రాయిలా మునిగిపోతాను. పుట్టిన పని నా నుంచి శాశ్వతంగా పోయింది. ఆయన దయగల మనిషే. కాని పరికరాన్ని చేసేవాడు పరికరాన్ని అడిగి చేయడు.

మూడుకాళ్ళ కొయ్య స్టాండుకు నన్ను వేలాడదీసి, మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన నన్ను ఎండలోకి తీసుకుపోయారు.

*

ఇక్కడ నాంచారమ్మ గురించి చెప్పాలి.

ఆ ఊళ్ళో నాలుగు రోడ్ల కూడలిని సెంటరంటారు. అలాంటి ఒక సెంటర్లో, బస్సులాగే చోట, ఒక కానుగచెట్టు ఉంది. దాని మొదట్లో పంతొమ్మిదేళ్ళుగా పూలమ్ముకునే మనిషి నాంచారమ్మ. ముందొక బుట్ట, బుట్టలో మల్లెలు, మల్లెల మీద తడిగుడ్డ, పక్కనొక చెంబు. చేతిలో దారం, దండ కడుతూనే ఉంటుంది. పావుగంటకోసారి ఆమె చెయ్యి దానంతటదే చెంబులోకి పోయి, దోసెడు నీళ్ళు తీసి, పూల మీద చిలకరిస్తుంది. మాట్లాడుతున్నా, తింటున్నా, కునుకుతున్నా ఆ చెయ్యి తన పని మరవదు. వాడిపోయేదాని మీద నీళ్ళు చల్లడం ఆమెకు ఆలోచన కాదు, అలవాటు.

నిరుడు వైశాఖంలో కరెంటు తీగలకు అడ్డమని చెట్టుకొమ్మలు నరికారు. మళ్ళీ చిగురు వేయక, పదహారు రోజులు ఆమె బోడిమాను కింద కూర్చుంది. పదిహేడో రోజున బేరమాడుతూ ఆడుతూ బుట్ట మీదికి ఒరిగిపోయింది. వడదెబ్బ. ఆటోవాళ్ళు ఆసుపత్రికి చేర్చారు. బతికింది గాని, "ఇంకోసారి ఇలా పడితే లేవవు" అని డాక్టరు చెప్పి పంపాడు. కూర్చోక తప్పని బతుకు ఆమెది. అంచేత ఆ కానుగ నీడ ఆమెకు సౌఖ్యం కాదు, ప్రాణం.

ఆ చెట్టునే ఇప్పుడు కొట్టేస్తారట. దాని స్థానంలో దాతల సంఘం ఒకటి స్టీలు బస్‌షెల్టరు కట్టిస్తుందట. అలాంటిదే రంగుల మిల్లు సెంటర్లో ఇంతకుముందే కట్టించారు: నున్నటి స్టీలు బెంచీ, పైన రేకు, రేకు అంచున అక్షరానికి అడుగెత్తున దాతల పేర్లు. పర్యవేక్షించే ఇంజనీరు షకీలా అనే ఆమె. నిదానస్థురాలు, చెప్పింది వినే మనిషి. మాస్టారు వెళ్ళి అభ్యంతరం చెబితే ఆమె మర్యాదగానే జవాబిచ్చింది.

"నేను కొలిపించానండీ మాస్టారూ. చెట్టు కింద నలభై ఒకటిన్నర. షెల్టరు కింద నలభై ఒకటిన్నర. నీడంటే నీడే కదా! పైగా వానకు చెట్టు కారుతుంది, షెల్టరు కారదు."

"మీరు కొలిచింది గాలి వేడమ్మా," అన్నారు మాస్టారు. "మనిషి గాలి కాడు. చలిమంట ముందు కూర్చుంటే రొమ్ము కాలుతుంది, వీపు వణుకుతుంది. రెండువైపులా గాలి ఒకటేగా? కాలిన రేకు, కాగిన తారు, ఎండకొట్టిన గోడ, ఇవి గాలితో పని లేకుండానే ఒంటిని కాలుస్తాయి. దాన్ని కొలిచే సాధనం వేరే ఉంది."

"ఉంటే తెండి, చూస్తాను," అందామె.

ఆ సాధనాన్ని నేను. మాస్టారు నన్ను గోనెసంచిలోంచి తీసింది అందుకే. నా నలుపు ఏ దిక్కునుంచి వచ్చే వేడినీ కాదనదు, అన్నింటినీ తాగుతుంది. గాలి కొంత తీసుకుపోతుంది. తాగినదీ పోయినదీ సరితూగిన చోట నా లోపలి అంకె నిలుస్తుంది. అది గాలి అంకె కాదు. ఆ చోట నిలబడ్డ మనిషి ఒంటికి తెలిసే వేడికి దగ్గరి అంకె. అయితే నాకొక షరతుంది. ఎక్కడ పెట్టినా నాకు ఇరవై నిమిషాలు కావాలి. తొందరపెడితే నేను చెప్పేది నిన్నటి మాటే అవుతుంది. మనుషుల్లో ఈ గుణం అరుదని గమనించాను. వాళ్ళు కారు దిగి, అద్దాలు సర్దుకుని, రెండు నిమిషాల్లో ఒక చోటు గురించి అభిప్రాయం చెప్పి వెళ్ళిపోగలరు.

పన్నెండు రోజులు మాస్టారు నన్ను మోశారు. రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా కానుగ కింద ఇరవై నిమిషాలు, నడిరోడ్డు పక్క ఇరవై నిమిషాలు, రంగుల మిల్లు షెల్టరులో ఇరవై నిమిషాలు. నీటిలో బతికినదాన్ని; ఆ పన్నెండు రోజుల్లో నిప్పు మళ్ళీ గుర్తొచ్చింది. షెల్టరు రేకు కింద వేలాడుతుంటే, వీరాచారి తొట్టి, హాస్టలు ట్యాంకు, మూతసందు వెలుగుగీత ఒకటొకటే తలపుకొచ్చేవి. ఒక్క చుక్క పడితే చాలుననిపించేది. రాగికి దాహమేమిటని మాస్టారు అడగవచ్చు. ఆయన కొలతకు అందని మాట ఇది. నేనూ నిరూపించలేను, అందుకని పట్టుబట్టను.

జనానికి నేనొక వింత. కొందరు బాంబన్నారు, కొందరు కెమెరా అన్నారు. మూడో రోజుకు ఎవరో నాకు కుంకుమబొట్టు పెట్టారు. మాస్టారు రుమాలుతో జాగ్రత్తగా తుడిచి, "దేవుడికి బొట్టు పెడితే దేవుడేమీ మారడు గాని, దీనికి పెడితే లెక్క మారుతుంది," అన్నారు. అయిదో రోజున స్టాండుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి.

"ఇదెవరి పని తల్లీ?" అన్నారు మాస్టారు నాంచారమ్మ వైపు చూసి.

"దిష్టి తగలదాండీ? ఊరు ఊరంతా దీన్నే చూస్తోంటే! ఇన్ని పూలమ్మానుగాని నల్లబంతిని మాత్రం నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."

"దిష్టి సంగతి తరవాత. నిమ్మకాయ నీడ దీని మీద పడుతోంది. విప్పెయ్."

"మీకు దేవుడి మీద నమ్మకం లేదు, నిమ్మకాయ నీడ మీద ఉందన్నమాట," అని విప్పేసిందామె.

మాస్టారు పడీపడీ నవ్వారు. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం. ఆయన అంకె రాసుకుంటుంటే ఆమె మధ్యలో అడిగేది.

"రేకూ నీడే ఇస్తంది, ఆకూ నీడే ఇస్తంది. తేడా ఏందండీ మాస్టారూ?"

"ఆకుకి చెమట పడుతుంది. రేకుకి పట్టదు," అన్నారాయన.

ఆమె తలెత్తి కానుగకొమ్మల్లోకి చూసి, "పాపం, మాకోసమా!" అంది.

పన్నెండు రోజుల అంకెలు ఒక్కలాగే వచ్చాయి. గాలి అన్నిచోట్లా నలభై ఒకటి, నలభై రెండు. నేను మాత్రం కానుగ కింద నలభై మూడు, ఎండలో యాభై ఆరు, షెల్టరులో నలభై తొమ్మిది. మాస్టారు ఆ కాగితం ఇంజనీరుకు చూపించారు. ఆమె చాలాసేపు చూసి, "నేను నమ్ముతానండీ, కాని సంఘం అధ్యక్షుడు నాగభూషణం గారు కాగితం నమ్మరు. గురువారం రెండింటికి ఇద్దరం వస్తాం. కళ్ళారా చూపించండి. శుక్రవారం పొద్దున్నే చెట్టు కొట్టేవాళ్ళు వస్తున్నారు," అంది.

*

గురువారం నాంచారమ్మ తన బుట్టతో సహా రంగుల మిల్లు సెంటరుకు వచ్చేసింది. తన చెట్టు వ్యాజ్యం వేరేచోట తేలుతుంటే ఆమె అక్కడ కూర్చుని దండ కట్టగలదా? ఒంటిగంటన్నరకు మాస్టారు నన్ను షెల్టరు మధ్యలో వేలాడదీశారు. దారి తవ్వి ఉండడంతో ఇంజనీరు వాళ్ళ కారు కాలువ అవతలే ఆగిందని కబురొచ్చింది.

"నేను వెళ్ళి చుట్టుదారిన తీసుకొస్తాను. దీన్ని ఎవరూ ముట్టకుండా చూడు తల్లీ," అన్నారు.

"నా పాణంగా చూసుకుంటానయ్యా," అంది.

అలాగే చూసుకుంది. చిక్కంతా అందులోనే ఉంది.

ఆయన వెళ్ళాక ఆమె నా ఎదురుగా నిలబడింది. బెంచీ మీద కూర్చోబోయి, చురుక్కుమని లేచింది. పైన రేకు టకటకమంటోంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసింది. నన్ను తాకింది. వేలు వెనక్కి లాక్కుంది.

"అమ్మో, కుంపటిలా ఉన్నావే! పెద్దోళ్ళు వచ్చేలోపు నిరుడు నేను పడ్డట్టు నువ్వు పడిపోతే నా చెట్టు గతేంగాను?"

ఆ తరవాత చేసింది ఆమె కాదు, ఆమె చెయ్యి. మల్లెల మీది తడిగుడ్డ తీసి, చెంబులో మరోసారి ముంచి, పిండకుండా తెచ్చి నన్ను చుట్టబెట్టింది.

నీళ్ళు. పదకొండేళ్ళ తరవాత.

దాన్ని నేను వర్ణించలేను. గుడ్డలోని ప్రతి నూలుపోగు నుంచీ ఒక చల్లదనం నాలోకి దిగింది. వేడిగాలి వీచినకొద్దీ తడి ఆరుతూ, ఆరుతున్నకొద్దీ నన్ను ఇంకా చల్లబరుస్తోంది. నలభై తొమ్మిది, నలభై, ముప్ఫై ఆరు. నా లోపలి అంకె మెట్లు దిగుతోంది. అది దిగకూడని రోజని నాకు తెలుసు. అంకె దిగినకొద్దీ కానుగచెట్టు మెడకు గొడ్డలి దగ్గరవుతోందనీ తెలుసు. నోరుంటే వద్దని అరిచేదాన్నా? నిజం చెబుతున్నాను, ఏమో. నా జీవితంలో నేను కోరుకున్నది ఒక్కటే, అది ఆ ఒక్క పూటే దొరికింది.

మూల తిరిగి కారు కనిపించగానే ఆమె గుడ్డ లాగేసి బుట్టలో వేసింది.

నాగభూషణం గారు తెల్ల ఖద్దరులో దిగారు. మంచి మనిషే, తన పేరున్న రేకును ఒకసారి ఆప్యాయంగా చూసుకుని నా దగ్గరికొచ్చారు. ఇంజనీరు వంగి అంకె చదివింది. మళ్ళీ చదివింది.

"ముప్ఫై మూడు, మాస్టారూ."

"చూశారా!" అన్నారు నాగభూషణం గారు చేతులు చరిచి. "బయట నలభై రెండుంటే మా షెల్టరులో ముప్ఫై మూడు! ఏసీ పెట్టినట్టుందయ్యా! ఇంకేం, రేపు కానిచ్చేయండి."

మాస్టారి చేతిలో పన్నెండు రోజుల కాగితం ఉంది. పరికరం పాడైందనవచ్చు, లేదా ఆ కాగితమే నిజమని వాదించవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు.

"అంకె అబద్ధమాడదు. అడగడంలో ఏదో తేడా వచ్చింది," అని నా మీద చెయ్యి వేశారు. వేళ్ళు వాసన చూసుకున్నారు. నా ఒంటి నుంచి మల్లెపూల వాసన వస్తోంది.

ఆయన నెమ్మదిగా నాంచారమ్మ వైపు తిరిగారు. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

"నేనేనయ్యా. మాడిపోతాంటే చూళ్ళేక తడిగుడ్డ కప్పాను. నా చెట్టును నేనే నరుక్కున్నానా?"

మాస్టారు ఆమె బుట్టలోని తడిగుడ్డను, నన్ను మార్చి మార్చి చూశారు. తరవాత ఆయన మొహంలో పాఠం చెప్పే రోజుల వెలుగొకటి వచ్చింది.

"లేదు తల్లీ. పన్నెండు రోజులుగా నేను చెప్పలేకపోయింది నువ్వు చేసి చూపించావు," అని మిగతా ఇద్దరి వైపు తిరిగారు. "ఇదే రేకు కింద, ఇదే ఎండలో, ఒక్క తడిగుడ్డ దీని వేడిని ముప్ఫై మూడుకు దించింది. ఆరే నీటికి ఉన్న బలం అది. ఆకు పొద్దస్తమానం చేసే పని అదే. వేళ్ళతో నీరు తోడుకుని, ఆకులతో ఆర్చి, తాను కాలకుండా ఉంటుంది. తాను కాలదు కనక కింద కూర్చున్నవాళ్ళను కాల్చదు. మీ రేకు మీద రోజంతా చెంబుతో నీళ్ళు పోసే మనిషిని పెట్టండి, నేను చెట్టు మాట ఎత్తను. లేదంటే దీనికి ఇరవై నిమిషాలివ్వండి. ఒళ్ళు ఆరనిచ్చి, అప్పుడు చదవండి."

"ఇరవై నిమిషాలా! ఇక్కడా?" అన్నారు నాగభూషణం గారు.

"నీడే కదండీ," అన్నారు మాస్టారు.

ఇంజనీరు గడియారం చూసుకుంది. "ఉందాం," అంది.

నాగభూషణం గారు బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగానూ లేచారు. రుమాలు పరిచి మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. నిలబడి విసనకర్రలా ఫైలు ఊపుకున్నారు. ఆరో నిమిషానికి, ఫోను వచ్చినట్టు బయటికి నడిచారు. తొమ్మిదో నిమిషానికి ఇంజనీరు కూడా ఏదో చూడాలన్నట్టు బయటికి కదిలింది. షెల్టరుకు నాలుగడుగుల దూరంలో ఒక కరెంటు స్తంభం ఉంది. దాని నీడ జానెడు వెడల్పున, పలచటి గీతలా రోడ్డు మీద పడుతోంది. ఆ గీతలో అప్పటికే ఇద్దరు ప్రయాణికులు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. మూడోవారుగా నాగభూషణం గారు, నాలుగోదిగా ఇంజనీరు, భుజాలు ముడుచుకుని, ఎవరూ చెప్పకుండానే, ఆ వరసలో కుదురుకున్నారు. రేకు కింద నేనూ మాస్టారూ నాంచారమ్మా తప్ప ఎవరూ లేరు.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని చూసింది. ఇక ఆగలేకపోయింది.

"ఏంది బాబుగారూ, మీ పేరు రాసున్న నీడ ఒదిలేసి కరెంటోళ్ళ నీడలో నిలబడ్డారు?"

ప్రయాణికులు ఫక్కుమన్నారు. నాగభూషణం గారు తల పైకెత్తి స్తంభాన్ని, వెనక్కి తిప్పి తన షెల్టరును, కిందికి దించి తన కాళ్ళ దగ్గరి నీడగీతను చూసుకున్నారు. చెమట కారుతున్న ఆ మొహంలో మొదట కోపం వచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది.

"నోరు మంచిదే నీది," అన్నారు.

"ఇది చాలు మాస్టారూ," అంది ఇంజనీరు. "మాకు అర్థమైంది."

"చాలదమ్మా. మీరు కదలడం సాక్ష్యమే. కాని రేపు ఫైల్లో స్తంభం నీడ రాయలేరు. అంకె రానివ్వండి."

వచ్చింది. నలభై తొమ్మిది. ఇంజనీరు లోపలికొచ్చి, చదివి, రాసుకుని, వెంటనే బయటికి వెళ్ళింది.

తరవాత అందరూ కానుగ కిందికి వచ్చారు. అక్కడా నాకు ఇరవై నిమిషాలు కావలసి వచ్చింది. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. నాంచారమ్మ బుట్ట తన చోట పెట్టుకుని దండ అందుకుంది. నాగభూషణం గారు చెట్టు మొదట్లోని రాతి మీద కూర్చుని, దాతృత్వం గురించి ఒక మాట మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే గడ్డం రొమ్ము మీదికి వాల్చి కునుకు తీశారు. నేను నలభై మూడు దగ్గర నిలిచాను. ఎవరికీ వినిపించకుండా మాస్టారు ఆ అంకె చదువుకుని, మనిషిని లేపకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

శుక్రవారం చెట్టు కొట్టేవాళ్ళు రాలేదు. షెల్టరు పదడుగుల అవతల, చెట్టు నీడ పైన పడేచోట కట్టారు. కానుగ కింద ఒక రాతిబల్ల వేసి, దాని మీద దాతల పేర్లు చెక్కించారు. ఈమారు చిన్న అక్షరాలతోనే.

*

ఇంజనీరు మాస్టారిని అడిగి నన్ను తీసుకుంది. "మా ఆఫీసులో పెడతానండీ. ఇలాంటి ఫైళ్ళు చూసేవాళ్ళందరికీ ఎదురుగా ఉండాలి," అంది. మంచి ఉద్దేశమే. నన్ను తీసుకుపోతున్న రోజు నాంచారమ్మ చెట్టు కింద నుంచి కేకేసింది.

"పో తల్లీ, ఎండకెండి ఎండి చల్లటి గదికి పోతన్నావు. కష్టానికి ఫలితం!"

ఆమె మాటే నిజమైంది. నేనిప్పుడు ఒక గాజుపెట్టెలో ఉన్నాను. పెట్టె ఒక గదిలో ఉంది. ఆ గదికి చల్లటిగాలి యంత్రాలు రెండు. నా అంకె ఇరవై నాలుగు. పొద్దున్న ఇరవై నాలుగు, మధ్యాహ్నం ఇరవై నాలుగు, రోహిణి కార్తెలో ఇరవై నాలుగు. పెట్టె మీద నేనేమిటో వివరించే చీటీ ఒకటుంది. అందులో రెండు అచ్చుతప్పులున్నాయి. జీవితమంతా చల్లదనం కోరిన దానికి ఇంతకంటే ఏం కావాలని మీరడగవచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఇది ఆ చల్లదనం కాదు. ట్యాంకులో నీరు నన్నెత్తేది, దించేది. ఎక్కడో ఎవరో నెత్తిన చెంబు కుమ్మరించుకుంటే నాకు తెలిసేది. ఇక్కడ నాకేమీ తెలియదు. బయట ఎండ ఎంతుందో తెలియని గదిలో కూర్చుని, బయటి ఎండ గురించి మనుషులు నిర్ణయాలు తీసుకుంటారు. నా ముందు నుంచే ఫైళ్ళు పోతాయి: ఇక్కడ రేకు, అక్కడ టైల్సు, ఇంకోచోట చెట్టు తొలగింపు. వాళ్ళు నా వైపు చూస్తే నేను ఇరవై నాలుగే చెబుతాను. అది అబద్ధం కాదు. వాళ్ళ చోటు అంత చల్లగానే ఉంది మరి.

ఇంజనీరు షకీలా రెండు వేసవులు నన్ను పెట్టెలోంచి తీసి సెంటర్లలో తిప్పింది. తరవాత ఆమెకు బదిలీ అయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మాస్టారు కాలంచేశారని, చెప్పినట్టే దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇచ్చారని, నా ఎదుట టీ తాగుతూ ఇద్దరు గుమాస్తాలు చెప్పుకున్నారు. ఆయనా చివరికి ఒక పరికరమయ్యారు. కాకపోతే ఆయన్ని అడిగే చేశారు.

మొన్న వైశాఖంలో నాంచారమ్మ ఆఫీసుకొచ్చింది. వీధి వ్యాపారుల గుర్తింపుకార్డు కోసం. జుట్టు నెరిసింది, నడక నిదానించింది, చేతిలో బుట్ట అదే. వరండాలో ఎండలోంచి గదిలోకి అడుగుపెట్టగానే చలికి ఒకసారి వణికి, కొంగు భుజాల మీదికి లాక్కుంది. అప్పుడు నన్ను చూసింది.

"ఓయమ్మా, ఇక్కడున్నావా!" అంది. పెట్టె దగ్గరికొచ్చి వంగింది. "చల్లగా ఉన్నావా తల్లీ? చెట్టు బాగుంది. ఈ ఏడు కొమ్మ రోడ్డు సగం దాకా వచ్చింది. ఆటోలన్నీ దాని కిందే. మాస్టారు లేరు, తెలుసా?"

ఆమె కుడిచెయ్యి బుట్టలోకి పోయింది. చెంబు లేదు గాని తడిగుడ్డ ఉంది. దాన్ని అరచేత్తో అదిమి, ఆ తడిచెయ్యి తెచ్చి, సరిగ్గా నా ఎదుట గాజు మీద పెట్టింది. ఆ చెయ్యి ఆలోచించి చేసే పని కాదది. వాడినట్టు కనిపించినదాని మీద నీళ్ళు చల్లడం దాని అలవాటు.

బయటి ఎండలో నడిచివచ్చిన చెయ్యి అది. దానిలో వేడి ఉంది, తడి ఉంది, మల్లెలున్నాయి. ఆ వేడి గాజులోకి దిగి, గాజు దాటి, పెట్టెలోని గాలి దాటి నన్ను చేరాలి. చేరుతుంది. తప్పకుండా చేరుతుంది. నాకు ఇరవై నిమిషాలు కావాలి, అంతే.

"నాంచారమ్మెవరు? నీ కార్డు!" అని కిటికీలోంచి పిలిచారు.

ఆమె నిలబడింది రెండు నిమిషాలే; చెయ్యి తీసి వెళ్ళిపోయింది. గాజు మీద అయిదువేళ్ళ తడిముద్ర కాసేపుండి, అంచుల నుంచి ఆరుతూ పోయింది. నా లోపలి అంకె ఇరవై నాలుగు దగ్గరే ఉంది.